ఏడుగురి బస్తాలు

జోగయ్య గంజి ముంత ముట్టుకోకుండా పక్కకు జరపడం అది మూడో పొద్దు. నా కొడుక్కి కోపం వస్తే అరుస్తాడు. అరిచి, కడుపు నిండా తింటాడు. ఇలా నోరు మూసుకుని ముంత జరిపే మనిషి కాడు.

కోడలు అసిరమ్మ ఆ ముంత తీసి మూత పెట్టింది. ఒక్క మాట అనలేదు. అదీ వింతే. మొగుడు ఒక ముద్ద వదిలేస్తే నాలుగిళ్ళ అవతలికి వినపడేలా సాధించే మనిషి, లక్ష్ముడు ఆ కాగితం తెచ్చిన నాటి నుంచి పెదవి విప్పలేదు. మొగుడి మీద దొంగ పేరు పడితే పెళ్ళాం వీధిలోకి వచ్చి పదిమందితో దెబ్బలాడాలి గాని, గోడ వైపు తిరిగి ఎండు మెత్తళ్ళు ఏరుకుంటూ కూర్చుంటుందా? ఈ సంగతే నాకు మూడు రోజులుగా అంతుపట్టలేదు.

గుమ్మంలో లక్ష్ముడు నిలబడి ఉన్నాడు. వాడు నా తమ్ముడి కొడుకు. చిన్నప్పుడు ఈ ఇంట్లోనే నా చేతి అన్నం తిన్నాడు. ఇప్పుడు లోపలికి రమ్మన్నా రావడం లేదు.

“ఇయాళ పది గంటలకి ఆఫీసరొస్తన్నాడు బావా. పుస్తకం అట్టుకొస్తన్నాడు. ఊరందరి ముందట సదవాలని నానే అర్జీ ఎట్టినాను.”

“ఎట్టినావు కదా. సదివించుకో,” అన్నాడు జోగయ్య.

“నువ్వు రావా?”

“దొంగ లేకుండా పంచాయితీ ఏటుంటాది? వస్తాను.”

“నిన్ను దొంగని నానన్లేదు.”

“నలభై ఎనిమిది బస్తాలు పుస్తకంలో ఉన్నాయి, నలభై ఒకటి ఇసక మీద ఉన్నాయి, మజ్జిన కులపెద్ద ఉన్నాడు అన్నావు. దానికి ఇంకో పేరున్నాదేటి?”

లక్ష్ముడు నా వైపు చూశాడు. “నువ్వు సెప్పత్తా. మా అప్ప బతుకు అడగడం కూడా తప్పేనా?”

వాడి అప్ప, అంటే అక్క, తవిటమ్మ నాకు మేనకోడలు. జోగయ్య నా కొడుకు, ఊరికి కులపెద్ద. పైగా ఆ పుస్తకంలో పేర్లన్నీ చెప్పినదాన్ని నేనే.

కార్తీకంలో గాలివాన కొట్టిన పదకొండో రోజున రిలీఫు గుమాస్తా మా ఇసకలపేటకు వచ్చాడు. ఇళ్ళకు గోడలు లేవు, గోడలున్న వాటికి కప్పు లేదు. రాసుకోవడానికి పొడి చోటు దొరక్క అతను నా మంచం మీదే కూర్చున్నాడు. మీ ఊళ్ళో ఎవరెవరికి వాటా వెయ్యాలో చెప్పమ్మా అన్నాడు. నాకు అక్షరం రాదు గాని పేర్లు మరుపు రావు. తెప్ప ఒడ్డుకు చేరాక ఇసక మీద చేప కుప్పలు వేసి ఏ వరసలో పిలుస్తామో ఆ వరసలోనే నలభై ఎనిమిది పేర్లూ చెప్పాను. అతను రాసుకున్నాడు.

ఆ నలభై ఎనిమిదిలో ఏడుగురు గాలివాన నాడు రెండు తెప్పల మీద పోయి తిరిగి రాని వాళ్ళు. తవిటమ్మ మొగుడు పోలయ్య అందులో ఒకడు.

పోయినవాళ్ళ పేర్లు ఎందుకు చెప్పానని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఎందుకు చెప్పనూ? సముద్రం మీద పోయి, శవం ఒడ్డుకు రానివాడికి మా ఊళ్ళో ఏడాది పాటు వాటా ఆగదు. కుప్పలు వేసేటప్పుడు వాడి పేరూ పిలుస్తాం. వాడి ఇంటి ఆడది ఉన్నాడు అంటుంది. ఆ కుప్ప మాత్రం ఆమె ముట్టుకోదు. కులపెద్ద పెళ్ళాం తన గంపలో ఎత్తి ఆ ఇంటికి చేరుస్తుంది. ఏడాది తిరిగాక ఆ ఇంటి ఆడది వచ్చి, కుప్ప వేసే చోట ఖాళీ గంప బోర్లిస్తుంది. ఇంక ఆ పేరు పిలవం. నా అత్త కాలంలోనూ ఇంతే, ఆమె అత్త కాలంలోనూ ఇంతే.

బియ్యం వచ్చాయి. నలభై ఒక్క బస్తా. సర్కారు వాళ్ళకు మన పద్ధతి తెలీదు, తిరిగిరాని వాళ్ళను లెక్క కట్టలేదు కాబోలు అనుకున్నాం. ఆ నలభై ఒకటినీ ఇసక మీద ఒక్క చోట పోసి నలభై ఎనిమిది కుప్పలు వేసుకున్నాం. ఒక్కరూ నోరెత్తలేదు. ఎత్తవలసింది అప్పుడే.

మొన్న లక్ష్ముడు నరసన్నపేటలో బస్సు మారి, రిలీఫు ఆఫీసుకు పోయి, పోయినవాళ్ళ ఇళ్ళకు ఇచ్చే సాయం మా అప్పకు ఇవ్వండి అని అడిగాడు. అక్కడి గుమాస్తా పుస్తకం తిరగేసి, పోలయ్య బతికే ఉన్నాడు పొమ్మన్నాడట. గాలివాన అయిన పదిహేనో రోజున వేలిముద్ర వేసి బస్తా బియ్యం తీసుకున్నాడన్నాడట. లక్ష్ముడు స్టాంపు అంటించి నకలు తీయించాడు. ఆ నకలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చినప్పటి నుంచే ఈ ఇంట్లో గంజి చల్లారిపోతోంది.

“అత్తా.”

తవిటమ్మ వచ్చింది. చంకన ఖాళీ గంప ఉంది. తమ్ముడి పక్క నుంచి వంగి లోపలికి వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

“ఆ పుస్తకంలో ఏలిముద్ర కూడా ఉంటాదా?”

“ఉంటాదంటన్నారు.”

“మా ఇంటోడి బొటనేలి మీద గాలం సీరిన గాటున్నాది. అడ్డంగా. ముద్రేస్తే తెలిసిపోద్ది కదా?”

లక్ష్ముడు తల తిప్పేసుకున్నాడు. నకలు తెచ్చిన నాటి నుంచి ఈ పిల్ల బియ్యం గురించి ఆలోచించడమే లేదని నాకప్పుడు తెలిసింది.

“ఆడొచ్చుంటే ఇంటికి రాడేటే?” అన్నాను.

“ఏమో. తల తిరిగున్నాడేమో. ఒరిస్సా ఒడ్డున తేలి, ఏ బండో ఎక్కి, ఎవులో ముద్రెయ్యమంటే ఏసి, మళ్ళా దారి తప్పున్నాడేమో. ముద్ర నాను సూస్తాను. సూస్తే సెప్తాను.”

గోడ వైపు కూర్చున్న అసిరమ్మ చేట దబ్బున కింద పడేసింది. మెత్తళ్ళు చెదిరిపోయాయి. ఏరుకోను కూడా ఏరుకోకుండా లేచి పెరట్లోకి పోయింది.

“దానికేటైంది?” అన్నాడు జోగయ్య. మూడు రోజుల్లో పెళ్ళాం గురించి వాడన్న మొదటి మాట అదే.

పది గంటలకు జీపు చప్పుడు వినపడితే మగాళ్ళు కొందరు సరుగుడు తోటలోకి పోయారు. ఆ సంవత్సరం కొండల వైపు గొడవలతో జీపు అంటేనే పోలీసులు అనుకునే రోజులు. దిగినది పోలీసులు కారు. ఒక్క సన్నటి మనిషి, చంకలో ఎర్ర గుడ్డ చుట్టిన పుస్తకం. బూట్లలో ఇసక పోతోందని వాటిని విప్పి చేత పట్టుకుని నడిచి వచ్చాడు. పేరు గణపతిరావు. వెనకాల గొడుగు వేసుకుని డిపో నరసింగరావు వచ్చాడు. మాకు బియ్యం బండ్లు తోలించినవాడు ఇతనే. ఇతన్ని ఎవరూ పిలవలేదు. సాక్ష్యానికి వచ్చానన్నాడు.

కుర్చీ తెస్తామంటే ఆఫీసరు వద్దన్నాడు. తెప్ప దుంగ మీద కూర్చుని పుస్తకం విప్పాడు. వల లాగి అప్పుడే వచ్చిన ఆడవాళ్ళు గంపలతోనే చుట్టూ మూగారు. సర్కారు పుస్తకంలో మన గురించి ఏం రాస్తారో ఎవరు మాత్రం ఎప్పుడు విన్నారు? పురుటి మంచం దిగి పదిరోజులు కాని పిల్ల కూడా గుమ్మం దాటి వచ్చి నిలబడింది.

“పేర్లు చదువుతాను. ఉన్నవాళ్ళు పలకండి,” అన్నాడు గణపతిరావు.

“మా పేర్లు మాకెరికే బాబూ,” అంది దేముడమ్మ. మా ఊళ్ళో చేపలమ్మేవాళ్ళలో పెద్ద నోరు ఆమెదే. “మాకేటిచ్చారో అది సదవండి. ఇంటాం.”

నరసింగరావు గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చాడు. “అవన్నీ చదివితే పొద్దు పోతుందండి.”

“మాకిప్పుడు తొందరేటీ లేదు. సేపలు కూడా పడలేదు,” అంది దేముడమ్మ.

ఆఫీసరు నవ్వాడు. మొదటి వరస వేలితో పట్టుకుని చదివాడు. “అప్పలసూరి. బియ్యం ఒక బస్తా. దుప్పటి ఒకటి. లాంతరు ఒకటి.”

అప్పలసూరి పలకడం మరిచిపోయాడు. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“లాంతరేటి?” అన్నాడు చివరికి.

“నీకు లాంతరిచ్చారట మావా. మాకు సెప్పకుండా ఎలిగించుకుంటన్నావు,” అంది దేముడమ్మ. అందరూ గొల్లుమన్నారు.

ఆఫీసరు నవ్వలేదు. “దుప్పటి?”

“దుప్పట్లొచ్చినాయి బాబూ. అది అబద్దమాడకూడదు. లాంతర్లు మాత్రం ఇదే ఇనడం.”

“అవి రెండో విడతండి. వస్తాయి,” అన్నాడు నరసింగరావు.

“ఇచ్చినట్టు రాసుందే?”

“అదంతే రాస్తారండి. విడతవారీగా రాస్తే పుస్తకాలు చాలవు.”

ఆఫీసరు జేబులోంచి చిన్న కాగితం తీసి దాని మీద ఏదో రాసుకున్నాడు. మళ్ళీ పేర్లు చదవడం మొదలుపెట్టాడు. నేను చెప్పిన వరసే, ఒక్కటీ తప్పిపోలేదు. వింటుంటే నా గొంతు నాకే వినపడుతున్నట్టుంది. ప్రతి పేరుకూ ఒకరు పలికారు. ప్రతి పేరు వెనకా లాంతరు వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“పోలయ్య.”

“ఉన్నాడు,” అంది తవిటమ్మ.

ఆఫీసరు తలెత్తాడు. “ఏడమ్మా? ముందుకు రమ్మను.”

కుప్పల దగ్గర అలవాటుగా ఎలా పలికేదో అలాగే పలికింది పాపం. ముందుకు రమ్మని ఇంతవరకూ ఎవరూ అడగలేదు మరి.

నేను లేచాను. ఉన్నాడంటే ఏమిటో, ఏడాది వాటా ఏమిటో, పేర్లు చెప్పినది నేనేనని, అంతా వరసగా చెప్పాను. అతను మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. విన్నాక, “అలాంటివాళ్ళు ఎంతమంది?” అని అడిగాడు.

“ఏడుగురు బాబూ.”

“ఆ ఏడు బస్తాలకీ వేలిముద్రలున్నాయి. ఎవరు వేశారు?”

“కులపెద్దని అడగండి,” అన్నాడు నరసింగరావు. “ఊళ్ళో పంపకం ఆయన చేతి మీదే కదా. మేం నలభై ఎనిమిదీ దింపేశాం. ఇక్కడ నలభై ఒకటి అయితే, మధ్యలో ఉన్నది ఎవరు?”

లక్ష్ముడు నా గుమ్మంలో అన్న మాటే అది. పరాయి నోట వినేసరికి వాడి మొహం నల్లబడింది.

జోగయ్య ముందుకు వచ్చాడు. “ఆనాడు నాను ఊళ్ళో లేను. భావనపాడు ఒడ్డెంట శవాల కోసం తిరగతన్నాను. దానికి రుజువు లేదు, సాచ్చికం లేదు. నా ఏలు ఇదిగో. ముద్రేసి సరిసూసుకోండి. ఒకేళ నాదే అయితే ఇక్కడే జీపెక్కించండి. కాదంటే మాత్రం ఈ ఇసక మీదే ఆ మాట కూడా గట్టిగా సదవండి.”

“ముందల నాకు సూపించండి బాబూ,” అంది తవిటమ్మ.

ఎవరు ఆపుతారు? ఆఫీసరు పుస్తకం ఆమె వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. తవిటమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, తడి చేతులు చీరకు తుడుచుకుని, వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఒక అల వచ్చి విరిగింది, ఇంకోటి వచ్చింది.

“గాటు లేదు,” అంది.

తర్వాత తన బొటనవేలు ఆ ముద్ర పక్కన పెట్టి చూసుకుంది. “ఇంత సిన్న ఏలేటి బాబూ? ఇది ఆడమనిసి ఏలు.”

ఆఫీసరు పుస్తకం తన వైపు లాక్కుని పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. పోయిన ఏడుగురి పేర్ల దగ్గరా ఆగి ఆగి చూశాడు. “ఏడూ ఒక్కటే వేలు,” అన్నాడు మెల్లగా.

ఆడవాళ్ళందరూ ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను. తల ఎత్తేసరికి వెనక వరసలోంచి అసిరమ్మ నడిచి వస్తోంది. దారి ఇవ్వమని ఎవర్నీ అడగలేదు, వాళ్ళే తప్పుకున్నారు. వచ్చి ఆఫీసరు ముందు చెయ్యి చాపింది.

“ఏలు నాదే బాబూ. బస్తాలేవీ?”

జోగయ్య పెళ్ళాం వైపు ఒక అడుగు వేశాడు.

“ఆరోజు కుప్పల కాడ పేరు పిలిస్తే ఆ ఏడిళ్ళోళ్ళూ ఉన్నాడన్నారు,” అంది అసిరమ్మ. మొగుడి వైపు చూడలేదు. “ఉన్నాడన్నోడి వాటా ఎత్తేది నాను. అందరూ ఎల్లిపోయాక బండి కాడ ఏడు ముద్రలెయ్యమంటే, గంపతో ఎత్తినట్టే ఏలుతో ఎత్తినాను. బస్తాలు తరవాత బండికొస్తాయన్నాడీ డిపో బాబు. రాలేదు. రెండు తడవలు నడిచెళ్ళి అడిగినాను. ముద్రేసినావు కాబట్టి ముట్టినట్టే, నోరిప్పితే నీ మొగుడు జైలుకెల్తాడన్నాడు.”

“అబద్ధం,” అన్నాడు నరసింగరావు.

“మూడు రోజులు నా ఎదర కూకోని...” అన్నాడు జోగయ్య.

“మూడు రోజులు కాదు. ఐదు నెలలు,” అంది అసిరమ్మ.

ఆ ఐదు నెలల్లో నేను తిన్న ప్రతి ముద్దా ఆమె వడ్డించినదే. నాకు తెలియలేదు.

నరసింగరావు గొడుగు మూశాడు. “అయ్యా, ఇందులో తేల్చాల్సింది ఒక్కటే. పోలయ్య ఉన్నాడని పెళ్ళామే అంది, ఇంతమంది విన్నారు. ఉంటే బస్తా ముట్టినట్టే, గొడవ లేదు. లేడంటారా, లేని మనిషికి ముద్ర వేసిన దొంగ ఈవిడ. ఏదో ఒకటి రాసుకోండి.”

గణపతిరావు కలం మూత తీసి తవిటమ్మ వైపు తిరిగాడు.

“అమ్మా, నీ చేత ఏదీ అనిపించాలని కాదు. ఉన్నాడంటే నేను ఈ వరస కింద గీత గీసి వెళ్ళిపోవాలి. బియ్యం ఎటు పోయాయో ఎవరూ అడగరు, మీ కులపెద్ద మీద మాట అలాగే ఉండిపోతుంది. లేడంటే ఆ ఏడు బస్తాలు ఏ బండి ఎక్కాయో, ఎక్కడ దిగాయో వెతుకుతాను. లాంతర్లూ వెతుకుతాను. ఈ ముద్ర వేసినందుకు ఈమెనీ అడుగుతాను. అది దాచడం లేదు.”

“తవిటీ,” అన్నాడు జోగయ్య. “నీకు మనసు రాకపోతే సెప్పకు. ఏడాది తిరగడానికి ఇంకా ఏడు నెలలున్నాది. దొంగ పేరు నాను మోస్తాను. నాకేటీ బరువు కాదు.”

“నువ్వుండు బావా,” అన్నాడు లక్ష్ముడు. “అప్పా, నాను ఈ పుస్తకం తెప్పించకుండా ఉండాల్సింది.”

“ఎందుకు?” అంది తవిటమ్మ. “ఇనాల కదా.”

ఆఫీసరు కలం పోలయ్య పేరు మీద ఆనించి, ఇసక మీద మేము పిలిచినట్టే, ఇంటి పేరూ అదీ ఏమీ లేకుండా పిలిచాడు.

“పోలయ్య.”

తవిటమ్మ సముద్రం వైపు చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు. చంకన ఉన్న గంప దింపుకుని, అందులో అతుక్కున్న పొలుసు ఒకటి గోటితో తీసేసింది. మా వరసలో పోలయ్య కుప్ప పడే చోటు ఎక్కడో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అక్కడికి నడిచి, ఖాళీ గంప ఇసక మీద బోర్లించింది.

“అంటే?” అని అడిగాడు గణపతిరావు.

“ఇంక ఆ పేరు పిలవం బాబూ,” అన్నాను. పోయిన తక్కిన ఆరుగురి ఇళ్ళ ఆడవాళ్ళూ గంపలు చంకనే పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆఫీసరు కలం పైకెత్తి, వాళ్ళ వైపు తిరిగి, ఆ ఏడుగురిలో రెండో పేరు కోసం పేజీ తిప్పాడు.